మజ్జిగ పందిలికి ఇద్దరు సాక్షులు

పూతలపట్టు క్రాసు,
సెప్టెంబరు 4

ప్రియమైన మేనకోడలు, కట్టుబాట్ల కలెక్టరమ్మ పల్లవికి,

మీ మామ మురుగేష్ టీ అంగడి బెంచీ మీద కూచోని రాస్తా ఉండాడు. నువ్వు నన్ను గ్రూపులోంచి మూడు నెలలు తోసేస్తివి. పూతలపట్టు క్రాసులో హెలికాప్టరు నిలిచే జాగా ఉండాదని మీ పటంలో ఏసింది తప్పే అనుకో. అయినా నవ్వినోళ్లు నలభై మంది, మూతి ముడుసుకునింది నువ్వొగదానివే. సరే, సెల్లులో నోరు మూయిస్తే పోస్టాఫీసు ఉండాదిలే అని ఈ కాయితం. నువ్వూ కాయితం మీదనే జవాబు రాయల్ల. అది నా కట్టుబాటు. ఒగటే ఒగటి. నీ మాదిరి పద్దెనిమిది కాదు.

నువ్వు అచ్చేసి పంపిన ఆ పద్దెనిమిదీ చదివినా. తొమ్మిదో తరగతి తప్పినోడికి రెండు పొద్దులు పట్టె. మీ 'దారిబత్తెం' గురించి నాకు అర్థమైంది ఇదీ: పెరటాసి నెలలో పసుపు గుడ్డలు కట్టుకోని అరవ దేశం నుంచి తిరుపతికి నడిచి పొయ్యే జనానికి యాడ నీళ్లుండాయి, యాడ నీడ ఉండాది, యాడ కూడు పెడతారు అని సెల్లులో చూపిచ్చేది. ఊరికే ఇస్తారు. లోపలుండే కోడ్ ఎవురైనా తెరిచి సూడొచ్చు, ఎవురైనా సరిజెయ్యొచ్చు. బాగుండాది. అందురికీ తెరిచిన ఇంటికి ఇన్ని గడపలు ఎందుకమ్మే?

'ఒక మార్పులో ఒక పనే చేయాలి' అంట. అంటే నేను టీలో చక్కెర ఏసి, ఆపి, ఊరందరికీ చాటి, వాళ్లు ఊ అన్నాక గంటె తిప్పల్లనా? 'ఎందుకు మార్చినారో రాసి పెట్టాలి' అంట. మీ అత్త చారులో ఉప్పు ఎందుకు పెంచిందో ఇరవై ఆరేండ్లుగా అడగతా ఉండా, ఒగనాడూ రాసియ్యలా. 'కొత్తగా వచ్చినవాళ్లను ఎగతాళి చేయరాదు' అనేది మాత్రం నన్ను మనసులో పెట్టుకోనే రాసినావు. ఇంగ పదకొండోది సూసి నవ్వు ఆగలా. ఒగ కుళాయి పటంలో కనపడాలంటే, ఏసినోడు గాక ఇంకిద్దురు ఆడికి పోయి నిలబడి, కండ్లతో సూసి, 'చూసినాను' అని సాక్షి జెప్పల్లంట. పొలం అమ్మేదానికి ఇద్దురు సాక్షులు సరే. కుళాయికీ ఇద్దురా? కుళాయేమన్నా పెండ్లికొడుకా, రేపు మాట మార్చేదానికి?

కుళాయి అంటే గుర్తొచ్చె. రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపల ఉండే మామిడి తోట పరంధామయ్య నీకు తెలుసు గదా. వాళ్ల గేటు బయట కుళాయికి తాళం ఏసి నాలుగేండ్లాయె. ఆ నీళ్లతోనే నా అంగడి నడిచేది. ఇప్పుడు టీవీఎస్ మీద క్యాన్లు కట్టుకోని యాడాడో తిరగతా ఉండా. నీళ్లకు తాళం ఏసినోళ్లకు నీ పద్దెనిమిదిలో ఒగ కట్టుబాటు రాయి తల్లీ.

ఇట్లు,
గ్రూపు నుంచి తరమబడిన మీ మామ
మురుగేష్

*

ఏర్పేడు,
సెప్టెంబరు 9

ప్రియమైన మురుగేష్ మామకు,

నీ ఉత్తరం మా ఆఫీసులో నలుగురి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. కవరు మీద 'కలెక్టరమ్మ' అని రాస్తే ఎట్లా మామా? సెక్యూరిటీ ఆయన లేచి నిలబడినాడు.

నవ్వులాట కాదు, విను. క్యాంటీన్లో అయిదుగురం మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు మూడు వందల నలభై మందిమి. అందులో సగం మంది మొఖాలు నేను చూడనే లేదు. పోయిన ఏడాది ఒకాయన మంచి మనసుతోనే కోడ్‌లో ఒక్క వరుస మార్చినాడు. ఇంకొకరికి చూపించలేదు. తెల్లారేసరికి నీళ్ల గుర్తులన్నీ కిలోమీటరు పక్కకు జరిగినాయి. గుడియాత్తం నుంచి నడిచి వచ్చినవాళ్లు కంపచెట్లలో కుళాయి కోసం వెతికినారు. అయిదుగురం ఉన్నప్పుడు ఒకరి మీద ఒకరికి నమ్మకం చాలింది. ఇంతమందిమి అయినాక నమ్మకానికి ఒక పద్ధతి ఉండాల.

నువ్వు నవ్విన పదకొండోది ఇంకా ఓటు కాలేదు, ఇప్పటికి ఒక సాక్షితోనే నడుస్తా ఉంది. ఇద్దరు ఉండాలని నా పట్టు. 'ఒకరు చాలు, ఇద్దరంటే పని సాగదు' అని మాలో పాతవాడు ధర్మేంద్ర గారు గట్టిగా అడ్డం పడుతున్నారు. సెప్టెంబరు 21 ఆదివారం అందరం ఆన్‌లైన్‌లో కలిసి దీని మీద మాట్లాడుకుంటాం, అక్టోబరు 5న ఓటు. ఇది గెలవకపోతే ఈ పని పెద్దదయ్యేకొద్దీ ఏదో ఒకనాడు ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని నాకు భయం మామా.

ఒక సంతోషం చెప్తా. మొన్న కొత్త పేర్లు చూస్తా ఉంటే 'సిద్ధమ్మ, పూతలపట్టు' అని కనపడింది. మా అవ్వ! డెబ్బై ఎనిమిదేండ్లకు సెల్లు నేర్చుకునిందా? నువ్వేనా దగ్గర కూచోని నేర్పించింది? ఆ పేరు చూసి కండ్లలో నీళ్లు తిరిగినాయి. నీ హెలికాప్టరు తప్పును సగం కొట్టేసినా.

అవ్వను, అత్తను అడిగినట్టు చెప్పు.

ప్రేమతో,
పల్లవి

*

పూతలపట్టు క్రాసు,
సెప్టెంబరు 18, గురువారం

ప్రియమైన పల్లవికి,

నవ్వి నవ్వి నా పక్కటెముకలు పట్టుకున్నాయి. పొద్దున పదికల్లా గుడియాత్తం పక్కనుంచి ముప్పై మంది నడిచే జనం క్రాసుకు వచ్చిరి. నేను టీ పోస్తామని చూస్తే, అందులో ఒగడు సెల్లు తీసి, 'ఇంకొంచెం పోతే మజ్జిగ పందిలి ఉండాది, ఊరికే పోస్తారు' అని అందురినీ మళ్లించుకోని మట్టి రోడ్డు పట్టినాడు. యాడికి పోతారో తెలుసా? పరంధామయ్య గేటు కాడికి! మీ దారిబత్తెంలో ఎవురో మహాతల్లి ఏసి పెట్టింది: 'పరంధామయ్య మజ్జిగ పందిలి. అల్లం, కొత్తిమీర ఏసిన మజ్జిగ. కాళ్లకు ఏడి నీళ్లు. పడుకుంటే విసనకర్రతో విసురుతారు.'

నేను టీవీఎస్ ఎక్కి ఎనకాలే పోయి, మామిడి చెట్టు సాటున నిలబడి సూసినా. ముప్పై మందీ గేటు ముందర నిలిచి ఒగటేసారి 'గోవిందా' అని అరిచిరి. పరంధామయ్య లుంగీ ఎగ్గట్టుకోని బయటికొచ్చి, ఆ పసుపు గుడ్డలు సూసి, నోరు తెరిచింది మూయలా. పిడికెడు ఇసక కూడా ఇయ్యనోడమ్మే! వాకిట్లో గోవిందా అన్నోళ్లను మన పక్క వట్టి చేతులతో పంపరు గదా, యేం జేస్తాడు? గేటు తెరిచె. తెరిచె పల్లవీ! క్యాన్లు తెచ్చి చెంబులతో పోసె. ఒగ ముసలాయన పడుకోని 'విసనకర్ర యాడప్పా' అని అడిగితే, పరంధామయ్య తువ్వాలు తీసి ఇసిరినాడు. నేను చెట్టును కరుచుకోని నవ్వినా.

అవ్వ సెల్లు సంగతి అడిగినావు. మీ అవ్వకు అన్నీ వచ్చు. నాకన్నా తెలివి. అంతే జెప్తా.

ఇట్లు,
కడుపు నొప్పితో
మీ మామ

*

పూతలపట్టు,
సెప్టెంబరు 19

పల్లవికి,

రాత్రి తొందరలో రాస్తా ఉండా. అచ్చరాలు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు.

ఈ పొద్దు కూడా తమాషా సూద్దామని పోయినా. పన్నెండు గంటల ఎండ. ఏడుమంది వచ్చిరి. గేటు మూసుండాది. గోవిందా, గోవిందా అని పిలిచిరి. లోపల ఎవురూ ల్యా. అందులో ఒగామె, మునిరత్నమ్మంట, అరవై ఏండ్లు ఉంటాది, కుళాయి కాడికి పోయి ఆ తాళాన్ని పట్టుకోని సూసింది. రెండు చేతులతో పట్టుకోని సూసింది. అట్లే కిందికి జారిపోయె.

చెట్టు సాటు నుంచి నేను ఎట్ల ఉరికినానో నాకు తెలీదు. ఆమె చేతిలో సీసా ఉండాది, ఎండిపోయి. వాళ్ల చెల్లెలు ఏడస్తా జెప్పింది: 'ముందర నీళ్లుండాయని సెల్లులో ఉండాదన్నా, దాపెట్టుకునేది ఎందుకు అని మాయక్క ఉన్న నీళ్లు మాకందరికీ పోసేసింది.' ఆమెకు షుగరంట. కండ్లు తెరిచే ఉండాయి గానీ నన్ను సూడలా.

అంతలో పరంధామయ్య చిన్న లారీ వచ్చె. ఆయన యాడికి పోయినాడనుకున్నావు? చిత్తూరికి, వీళ్లకోసం నీళ్ల క్యాన్లు తెచ్చేదానికి. క్యాన్లు కిందికి తోసేసి, ఆమెను మేమిద్దురం ఎత్తి లారీలో పెట్టినాము. చిత్తూరు ఆస్పత్రిలో చేర్చినాము. ఇంకా మాట రాలేదంట.

పల్లవీ, ఆ పందిలి ఏసింది నేనే. అవ్వ కాదు. అవ్వకు సెల్లు పట్టుకునేది కూడా రాదు. నన్ను తోసేస్తివని అవ్వ పేరుతో దూరినా. దాన్ని తీసేయమని జెప్పేదానికి, ఈ కాయితం చేరేదాకా కూడా ఆగద్దు అనుకోని నీకు ఫోను చేస్తే ఎత్తలా. నాలుగు తూర్లు చేసినా. అరవై మందిని అడిగి గ్రూపులో ఉండే మనిషి ఒగాయన్ను పట్టుకోని తీసేయించినా. తీసేసినారంట.

కానీ ఒగ మాట జెప్పు. ఒగ సాక్షి 'చూసినాను' అంటేనే కనపడతాదని నువ్వే రాస్తివే. నేను అబద్ధం ఏసినా, సరే. నేను ఎగతాళి మనిషిని, ఊరందరికీ తెలుసు. ఆ సాక్షి ఎవుడు? ఆడికి రాకుండా, సూడకుండా, లేని పందిలిని చూసినానని జెప్పినోడు ఎవుడు? వాని పేరు జెప్పు. వాన్ని పట్టుకొచ్చి ఆ తాళం కాడ నిలబెడతా. ఆమె చేతుల్ని వాడు సూడల్ల.

మురుగేష్

*

ఏర్పేడు,
సెప్టెంబరు 23

మామకు,

ఆ సాక్షిని నేనే.

ఈ వాక్యం రాసి పెన్ను కింద పెట్టి, మళ్లీ పట్టుకున్నా. సెప్టెంబరు 10న, నీకు ఉత్తరం పోస్టు చేసిన మరుసటి రోజు, అవ్వ పేరుతో ఆ పందిలి వచ్చింది. పరంధామయ్య గేటు అనగానే నాకు ఎనిమిదేండ్ల వయసున్నప్పటి సంగతి గుర్తొచ్చింది. అవ్వ మామిడికాయలు కోసేదానికి పోతే నేను వెంట పోయి ఆ కుళాయి కింద దోసిలి పట్టి తాగేదాన్ని. ఆ జాగా నాకు తెలుసు అనుకున్నా. కుళాయికి తాళమని నువ్వు రాసినా, అవ్వ చెప్పింది కదా, తీసింటారు అనుకున్నా. విసనకర్ర అని చదివి కూడా, అవ్వే ఇట్లా ప్రేమగా రాసింటుంది అనుకున్నా. క్యాంటీన్లో కాఫీ తాగతా 'చూసినాను' నొక్కినా. తొమ్మిదేండ్లుగా నేను ఆ రోడ్డు తొక్కలేదు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను సమావేశంలో ఉండినా, 'నిలబడి చూడకుండా సాక్షి చెప్పరాదు' అని వాళ్లకు పాఠం చెప్తా.

తర్వాత నేను చేస్తే నీ సెల్లు పలకలేదు; ఆమె పడిపోయిన సంగతి పందిలి తీసేసినాయన చెప్తే తెలిసింది, ఆదివారం అందరి ముందర తప్పు కాయితం చదివినా. పదిహేడో కట్టుబాటు నువ్వు చదివినావు కదా: తప్పు జరిగితే ఏం జరిగింది, ఎట్లా జరిగింది, ఇకపై ఏం మారుస్తాం అని పేరుతో రాయాల, ఎవరినీ తిట్టకుండా. నా పేరు రాసినా. మార్పుల్ని ఒప్పుకునే నా హక్కు నేనే వదులుకున్నా. ధర్మేంద్ర గారు ఒక్క మాట గట్టిగా అనలేదు. 'కట్టుబాటు రాసినామెనే దాన్ని పాటించలేకపోతే ఇంతమంది ఎట్లా పాటిస్తారు పల్లవీ?' అని మెల్లగా అడిగినారు. ఓటు పోయినట్టే మామా.

ఇంకొకటి. అప్పటికి నీ ఉత్తరం నాకు అందలేదు. అది సోమవారం చేరింది. కాబట్టి ఆ కాయితంలో 'అబద్ధపు జాగా వేసినవారు: సిద్ధమ్మ, పూతలపట్టు' అని ఉంది. మూడు వందల నలభై మంది చదివినారు. అవ్వ పేరు మూసేసినారు.

మునిరత్నమ్మ గారికి మాట వచ్చిందా? అది మాత్రం వెంటనే రాయి.

పల్లవి

*

పూతలపట్టు,
సెప్టెంబరు 29

తల్లీ పల్లవికి,

ముందర నువ్వు అడిగింది. మునిరత్నమ్మకు మాట వచ్చె. నాలుగో పొద్దు లేచి కూచునింది. మొదట అడిగింది, 'తక్కినోళ్లు కొండ చేరినారా?' అని. నేను మంచం పక్కనే ఉండా. నేనెవురో జెప్పినా. అంతా జెప్పినా. ఆమె నా మొఖం సూసి, 'ఎందుకు నాయనా?' అనింది. అంతే పల్లవీ. తిట్టలా. యాభై రెండేండ్లలో నా తమాషాకు ఎవురూ ఆ మాట అడగలా. ఎందుకో నాకే తెలీలా.

ఇంటికొచ్చి అమ్మకు జెప్పినా, నీ పేరు అందురి ముందర అబద్ధాలకోరని రాసినారమ్మా అని. గింజలు ఏరతా ఉండె. తల ఎత్తకుండా అడిగె: 'నా పేరు మీద నీళ్లు ఉండాయంటివా, ల్యావంటివా?' 'ఉండాయంటిని.' 'ల్యాకుండా ఉంటే ల్యావనల్ల గదరా.' ఆ పొద్దు నుంచి నేను చేసిచ్చిన టీ తాగలా.

మల్ల పరంధామయ్య కాడికి పోయినా. గేటు తీసే ఉండాది.

'అన్నా, ఆ పని చేసింది నేను' అన్నా.

'తెల్సప్పా. మజ్జిగ దాకా ఎవురైనా చెప్తారు. విసనకర్ర దాకా పొయ్యే అబద్ధం ఈ మండలంలో నీది గాక ఇంకెవురిది?'

'తెలిసీ గేటు ఎందుకు తెరిస్తివి?'

'వాకిట్లో గోవిందా అంటే, మిమ్మల్ని ఎవురు పంపించినారని అడగతార్రా?'

సరే ఇదీ అడిగేద్దామని, 'మరి కుళాయికి తాళం ఎందుకన్నా' అంటిని. లోపలికి రమ్మని గేటు ఎనక పక్క సూపిచ్చినాడు. ప్లాస్టిక్ కవర్లో ఒగ చీటీ అంటించుండాది. నీళ్లలో ఫ్లోరైడు మితిమీరి ఉండాది, తాగేదానికి పనికిరావు అని పరీక్ష చేసినోళ్లు ఇచ్చిన చీటీ. నాలుగేండ్ల నాటిది. బయట అంటిస్తే తోట కాయ ఎవురూ కొనరని లోపల అంటించుకున్నాడంట, జనం తాగకుండా తాళం ఏసినాడంట. 'అది నా తప్పు' అనె. 'మరి నువ్వు నాలుగేండ్లు రోడ్డు మీద నిలబడి తిట్టినావే, ఒగ పొద్దు గేటు దాటి వచ్చి ఎందుకన్నా అని అడిగింటే?'

చెట్టు సాటు నుంచి సూసేదే సూసేది అనుకున్నా పల్లవీ. దగ్గరికి పోయి సూసింది ఒగనాడూ ల్యా.

కింద రాసేది అయిదో తేదీ అందురి ముందర చదువు. పదిహేడో కట్టుబాటు ప్రకారమే రాసినా.

'తప్పు కాయితం. రాసినోడు: మురుగేష్, టీ అంగడి, పూతలపట్టు క్రాసు. ఏం జరిగింది: లేని పందిలిని ఉండాదని ఏసినా. ఒగామె ఉన్న నీళ్లు పంచేసి, లేని నీళ్ల కోసం నడిచి పడిపోయింది. ఎట్ల జరిగింది: సిద్ధమ్మ మా యమ్మ. ఆమెకు సెల్లు రాదు, అబద్ధమూ రాదు. ఆమె పేరు నేను దొంగిలించినా. పల్లవి నా మేనకోడలు. వాళ్లవ్వ మాటని నమ్మింది. అట్లా నమ్మే మనిషి ఒగరు ప్రతి ఇంట్లో ఉంటారు, మీ ఇంట్లో కూడా. అందుకే ఇంకొగ సాక్షి కావల్ల, ఆ ఇంటికి సంబంధం లేనోడు. ఏం మార్చల్ల: ఇద్దురు సాక్షులు పెట్టండి. నాలాటోడు ఇంకొగడు మీలో ఉండనే ఉంటాడు. తిట్టరాదని మీ కట్టుబాటు గాబట్టి నన్ను నేను కూడా తిట్టుకోలా.'

మురుగేష్

*

ఏర్పేడు,
అక్టోబరు 5, ఆదివారం

మామకు,

చదివినా. అయిపోయినాక ధర్మేంద్ర గారు, 'ఈ మురుగేష్ గారు నిజంగా ఉన్నారా, ఇది కూడా తమాషానా?' అని అడిగినారు. ఉన్నారు సార్, అదే మా ఇంటి కష్టం అన్నా. అప్పుడు నవ్వినారు అందరూ. ఆయనే మొదట చెయ్యి ఎత్తినారు మామా, ఇద్దరు సాక్షులకు. నేను నా కండ్లను నమ్మలేకపోయినా. రెండు వందల పన్నెండు చేతులు. 'ఇద్దరిలో ఒకరు వేసినవారికి బంధువు కారాదు' అని నీ మాట కూడా కలిపినారు.

అవ్వ పేరు తెరిచినారు. కింద 'ఈమె ఏ తప్పూ చేయలేదు' అని రాసినారు. నీ పేరు ఏడాది మూసినారు. నా హక్కు ఆర్నెల్లు ఆగాల.

అంతా అయినాక ఒక గొంతు వినపడింది. మునిరత్నమ్మ గారి కొడుకు. మేమెవరూ పిలవలేదు, వింటా ఉన్నాడంట మొదట్నుంచీ. తిడతాడనుకున్నా. 'మా అమ్మ మిగిలిన దారి మళ్లీ నడుస్తానంటుంది. ఇప్పుడు ఆ గేటు దగ్గర నీళ్లు ఉన్నాయా, లేవా?' అని అడిగినాడు. మూడు వందల నలభై మందిలో ఒక్కరికీ తెలీదు. నాకూ తెలీదు.

నువ్వు పోయి చూసి రాయి.

పల్లవి

*

పూతలపట్టు,
అక్టోబరు 8

ప్రియమైన పల్లవికి,

పోయినా. నిలబడినా. సూసినా.

గేటు బయట పందిలి ఏసుండాది, కొబ్బరి మట్టలతో. పది క్యాన్లు, అన్నీ టౌను నీళ్లే. కుళాయికి తాళం అట్లే ఉండాది, చీటీ మాత్రం బయట పక్కకు వచ్చె, కుళాయి పైనే. మజ్జిగ శనివారం మాత్రమే. అల్లం ఉండాది, కొత్తిమీర ల్యా. ఏడి నీళ్లు ల్యా. విసనకర్ర ఒగటి ఉండాది, ఎవురిది వాళ్లే ఇసురుకోవల్ల. ఒగ ముక్క ఎక్కవా రాయలా, తక్కవా రాయలా.

నేను ఏసేదానికి ల్యా గాబట్టి పరంధామయ్యే ఏసినాడు, ఆయన సెల్లులో, ఆయన పేరు మీద. 'పరంధామయ్య నీళ్ల పందిలి' అని. మొదటి సాక్షి మీ అవ్వ. టీవీఎస్ ఎక్కమంటే, 'నడిచేటోళ్లకోసం సాక్షి జెప్పేది నడిచే పోవల్ల' అని కర్ర పట్టుకోని రెండు కిలోమీటర్లు నడిచింది. నాలుగు తూర్లు కూచునింది. పోయి, క్యాను నీళ్లు చెంబుతో తాగి, పందిలి గుంజను కదిలించి సూసి, 'ఉండాదిరా' అనె. ఆమె వేలు పట్టుకోని నేను నొక్కించలా. ఆమే నొక్కింది. ఇంటికొచ్చి టీ అడిగి తాగె.

రెండో సాక్షి జాగా ఖాళీగా ఉండాది. నువ్వు పరంధామయ్యకు బంధువు కాదు, నీకు కుదరతాది. హక్కు పోయిందంటావేమో, సాక్షి జెప్పేదానికి హక్కు అక్కర్లేదు, కాళ్లు ఉంటే సాలు. కానీ ఏర్పేడులో కూచోని నొక్కితే ఒప్పుకోను. ఆదివారం బస్సెక్కి క్రాసులో దిగు. అంగడి కాడ నేను టీ కూడా ఇయ్యను. నేరుగా మట్టి రోడ్డు పట్టు, పన్నెండు గంటల ఎండలోనే.

నీళ్లు తెచ్చుకోవద్దు.

ఇట్లు,
ఈ తూరి సొంత పేరుతో
మురుగేష్